వాన ఒకటే, రాత్రి వేరు: టాస్మేనియా ద్రాక్షపై పాఠకుల ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపం గురించి నాలుగు మాటలు రాశాను. ఆ ద్వీప రాజధాని హోబార్ట్‌లో ఏడాదికి కురిసే వాన మన అనంతపురం వానకంటే కొంచెమే ఎక్కువని, అయినా వైన్ ద్రాక్షకు ఆ చోటికి ప్రపంచమంతటా మంచి పేరుందని అందులో చెప్పాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. ఉద్యానశాఖలో ఉన్నన్నాళ్లూ నేను తిరిగింది అనంతపురం, కడప జిల్లాల తోటల్లోనే. మా చెల్లెలి కుటుంబం హోబార్ట్‌లో స్థిరపడటంతో ఒక కోతకాలం అక్కడి తోటల్లో గడిపే అవకాశం దొరికింది. రెండు చోట్లా చూసినదాన్ని పక్కపక్కన పెట్టి జవాబులు చెబుతాను.

మేడమ్ గారూ, వాన మాకూ వాళ్లకూ దాదాపు ఒకటే అన్నారు. ఆ వానతో మాకు వేరుశనగ చేతికి రావడమే గగనం. వాళ్లు ద్రాక్ష ఎలా పండిస్తున్నారు? తేడా నేలలో ఉందా, రకంలో ఉందా?
– ఒక రైతు, గార్లదిన్నె మండలం

అన్నా, తేడా ముందుగా గాలిలో ఉంది. నేల, రకం ఆ తర్వాతి మాట.

వాన తక్కువ కావడానికి కారణం మాత్రం రెండు చోట్లా ఒకటే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. కొండలకు అవతల వాన, ఇవతల మనం. ఈశాన్య రుతుపవనాలు కోస్తాను తడిపి మన దాకా వచ్చేసరికి సత్తువ ఉడిగిపోతాయి. టాస్మేనియాలోనూ అంతే. దక్షిణ మహాసముద్రం మీదుగా పడమటి గాలులు ఏడాది పొడవునా వీస్తాయి. ద్వీపం పడమటి కొండలు వాటిని ఆపి, కొన్నిచోట్ల 2,400 మిల్లీమీటర్లు దాటేంత వాన కురిపించుకుంటాయి. తూర్పున కొండచాటున ఉన్న హోబార్ట్‌కు మిగిలేది సుమారు 600 మిల్లీమీటర్లు. ఆస్ట్రేలియా రాష్ట్ర రాజధానుల్లో అడిలైడ్ తర్వాత తక్కువ వాన పడే ఊరు అదే. మన అనంతపురం సగటు సుమారు 550.

ఇక పడిన వాన ఏమవుతుందో చూడండి. మనకు వానంతా జూన్ నుంచి అక్టోబరు దాకా పడుతుంది, అందులోనూ సెప్టెంబరులోనే ఎక్కువ. తర్వాత నెలల తరబడి చుక్క ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు తాకుతుంది, నేల పగులుతుంది. హోబార్ట్‌లో వాన పన్నెండు నెలలకూ ఇంచుమించు సమంగా పంచుకుని పడుతుంది. అక్కడ నడివేసవి అయిన జనవరిలో పగటి గరిష్ఠం సగటున 22 డిగ్రీలు. మన డిసెంబరు మధ్యాహ్నాలు అంతకన్నా వేడి! అక్కడ ఒక తడి పెడితే నేల దాన్ని రోజుల తరబడి దాచుకుంటుంది. మన ఎర్రనేల మీద అదే తడి మూడోనాటికి ఆవిరైపోతుంది. అంటే కొలత గాజులో నీళ్లు ఒకటే కానీ, వేరుకు అందే నీళ్లు ఒకటి కాదు.

అయినా వాళ్లు వాన మీదే ఆధారపడి లేరు. హోబార్ట్‌కు ఈశాన్యంగా ఉన్న కోల్ నది లోయలో ఈనాడు ఎటు చూసినా ద్రాక్ష, చెర్రీ తోటలే. 1986లో ఆ నది మీద క్రెయిగ్‌బోర్న్ ఆనకట్ట కట్టి కాలువలు, గొట్టాల ద్వారా నీళ్లు ఇచ్చాకే ఆ లోయ దశ తిరిగింది. అంతకుముందు అది గొర్రెలు మేసే ఎండుగడ్డి నేల. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు అందిన ఊరికీ అందని ఊరికీ తేడా తెలిసిన మీకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ద్రాక్షలో తీపిని పెంచేది పగటి ఎండ. పులుపును కాపాడేది చల్లని రాత్రి. కాయలో ముఖ్యంగా రెండు ఆమ్లాలు ఉంటాయి: టార్టారిక్, మాలిక్. టార్టారిక్ ఎండకు పెద్దగా తరగదు. మాలిక్ ఆమ్లాన్ని మాత్రం కాయ తన శ్వాసక్రియలో ఖర్చు చేసేస్తుంది. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే ఆ ఖర్చు అంత ఎక్కువ. మన దగ్గర ఏప్రిల్ రాత్రి 26 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అక్కడ కోతకాలమైన మార్చి, ఏప్రిల్ రాత్రుల్లో 9 నుంచి 11 డిగ్రీలకు దిగుతుంది. అందుకే వాళ్ల పండు తీపి ఎక్కేదాకా నెలల తరబడి తీగ మీదే ఉన్నా పులుపు పోగొట్టుకోదు. మంచి వైన్‌కు ప్రాణం ఆ పులుపే. అది లేకపోతే రుచి చప్పబడుతుంది, నిల్వ ఉండదు.

నేల గురించి ఒక్క మాట. టాస్మేనియాలో డోలరైట్ అనే నల్లరాయి ఎక్కువ. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట నేల లోపలి నుంచి ఉబికి గడ్డకట్టిన రాయి అది. మన గ్రానైట్ గుట్టల నడుమ నల్లటి గోడల్లా సాగిపోయే రాతి చారలు మీరు చూసే ఉంటారు, వాటిలోనూ చాలావరకు డోలరైటే. మనది దానికంటే ఎన్నో రెట్లు పాతది. ఆ రాయి ఉన్నంత మాత్రాన వైన్ ద్రాక్ష పండితే మన జిల్లా ఎప్పుడో ఆ పంటకు పేరు తెచ్చుకునేది.

నేను ఉద్యాన డిగ్రీ చదువుతున్నాను. ద్రాక్ష వేడి ప్రాంతపు పంట అని మా ఊరివాళ్లంతా అంటారు. అంత చలిలో పండు ఎలా పక్వానికి వస్తుంది? చలి వల్ల నష్టం లేదా?
– ఒక విద్యార్థిని, కడప

మంచి ప్రశ్న తల్లీ. టాస్మేనియా దక్షిణ అక్షాంశం 40 నుంచి 43 డిగ్రీల దాకా ఉంది. ద్రాక్ష తీగ 10 డిగ్రీల పైన ఉన్న వేడినే పెరుగుదలకు వాడుకుంటుంది. ఆ లెక్కన అక్కడ దొరికే వేడి తక్కువే. ఆ కొరతను పగటి నిడివి పూడుస్తుంది. డిసెంబరులో హోబార్ట్‌లో పగలు 15 గంటలు దాటుతుంది. మన దగ్గర జూన్‌లో కూడా 13 గంటలకు మించదు. ఆకు అన్ని గంటలూ పనిచేస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో చిగురు, డిసెంబరులో పూత, ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా కోత. నింపాదిగా నడిచే ఆ కాలమే పండుకు సువాసన పోస్తుంది.

రెండోది సముద్రం. ద్వీపం కాబట్టి నీళ్లకు ఏ తోటా మరీ దూరం కాదు. ఉత్తరాన లాన్సెస్టన్ ఊరి నుంచి బాస్ జలసంధి దాకా సుమారు 70 కిలోమీటర్లు టామర్ అనే పాయ సాగుతుంది. అందులో ఆటుపోట్ల నీరు రోజూ వచ్చిపోతుంటుంది. ఒడ్డున ఉన్న వాలుల మీద తోటలు. వేసవిలో ఆ నీరు గాలిని చల్లబరుస్తుంది, వసంతంలో గాలి మరీ గడ్డకట్టకుండా కాస్తుంది.

నష్టం లేదా అంటే ఉంది, అదీ చాలా. మొగ్గ విచ్చుకుని లేత చిగురు వేసిన సమయంలో ఒక్క రాత్రి గడ్డమంచు పడిందా, ఆ ఏడు కాపు పోయినట్లే. చల్లగాలి బరువు కాబట్టి లోయ అడుగుకు జారుతుంది. అందుకే తోటలు వాలు మీద వేస్తారు. దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరం వైపు నడుస్తాడు, కనుక ఉత్తరానికి, ఈశాన్యానికి ముఖం పెట్టిన వాలుకే గిరాకీ. కొందరు పెద్ద పంకాలు నిలబెట్టి పైనున్న వెచ్చని గాలిని కిందికి తోస్తారు. ఇంకొందరు రాత్రంతా చిగుళ్ల మీద నీళ్లు చల్లుతారు. ఇది మొదట నాకూ వింతగా అనిపించింది కానీ భౌతికశాస్త్రం ప్రకారం సరైన పనే. నీరు గడ్డకట్టేటప్పుడు వేడిని విడుదల చేస్తుంది. నీళ్లు ఆగకుండా పడుతున్నంతసేపూ మంచుపొర లోపలి చిగురు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, అంతకంటే దిగదు. ఆ కాస్త ఆసరా చాలు, చిగురు బతుకుతుంది. తెల్లవారి ఎండ వచ్చి మంచు కరగడం మొదలయ్యేదాకా మోటారు ఆపకూడదు.

నీ చదువుకు పనికొచ్చే ఇంకో తేడా చెబుతాను. అక్కడ చలికాలంలో ఆకు మొత్తం రాలి తీగ నిజంగా నిద్రపోతుంది. ఆ నిద్రలో ఉండగానే ఏడాదికి ఒకసారి కత్తిరిస్తారు. మన తీగకు నిద్ర లేదు. అందుకే మనం ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మ కోసం, అక్టోబరులో ఒకసారి కాయ కోసం కత్తిరిస్తాం. మొగ్గలన్నీ ఒకేసారి విచ్చుకోవడానికి హైడ్రోజన్ సైనమైడ్ పూస్తాం. అక్కడ చలి ఉచితంగా చేసే పనిని ఇక్కడ మన చేతులు, మందు చేస్తున్నాయి. ఆ మందు ప్రమాదకరమైనది. చేతికి తొడుగు లేకుండా కూలీలతో పూయిస్తున్న తోటలు ఇప్పటికీ కనిపిస్తాయి. అది చూసినప్పుడల్లా నాకు కోపం ఆగదు. తొడుగులు, ముఖానికి గుడ్డ, కళ్లకు అద్దాలు ఇవ్వనిదే ఆ డబ్బా మూత తీయవద్దు.

మద్యం వల్ల ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో మీకు తెలియదా? వైన్ గురించి ఒక ఉద్యానాధికారి రాయడం అవసరమా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, ప్రొద్దుటూరు

తెలుసు అమ్మా. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించి మొదలుపెట్టిన ఉద్యమం మన పల్లెల దాకా వచ్చినప్పుడు నేనూ ఆ సభల్లో కూర్చున్నాను. ఆ ఆడవాళ్ల పట్ల నా గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. ఇంట్లో నేను గానీ మావారు గానీ తాగం. తాగమని ఎవరికీ ఈ శీర్షికలో చెప్పను.

కానీ ద్రాక్ష మన జిల్లాలో రైతుల అన్నం. 16వ శతాబ్దంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆ నగరపు అంగళ్లలో ద్రాక్షపండ్లు చూసి రాశాడు. అంత పాత పంట మనకు ఇది. దాని ఆమ్లం, రంగు, వాసన ఎలా పుడతాయో అందరికంటే లోతుగా పరిశోధించింది వైన్ కోసం పండించేవాళ్లు. ఆ జ్ఞానం తినే పండు పండించే మన రైతుకూ కావాలి, ఎండుద్రాక్ష చేసేవాళ్లకూ కావాలి. వాళ్ల సీసాలో ఏముందన్నది నాకు ముఖ్యం కాదు, వాళ్ల తోటలో ఏం జరుగుతోందన్నదే ముఖ్యం. ఈ కారణంతోనే రాస్తున్నాను, ఇకముందూ రాస్తాను.

మా అబ్బాయి లాన్సెస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. తలకిందులుగా గుచ్చిన సీసాల ఫొటో పంపాడు. అవి ఎందుకు అలా పెడతారు? అందులో సోడాలా గ్యాసు కలుపుతారా?
– ఒక గృహిణి, అనంతపురం

కలపరు అమ్మా. అవి నురుగు వైన్ సీసాలు, ఆ గ్యాసు సీసాలోనే పుడుతుంది. నురుగు వైన్‌కు కొంచెం పులుపుగా ఉన్నప్పుడే ద్రాక్ష కోస్తారు. అంటే తీపిని కొలిచే బ్రిక్స్ లెక్కలో 18 నుంచి 20 దగ్గర. మన థామ్సన్ గింజలేని ద్రాక్షను సంతకు కోసేదీ దాదాపు ఆ తీపి మీదే, అయితే మన కాయలో అప్పటికి పులుపు అంత మిగలదు. ఒకసారి పులిసిన రసాన్ని సీసాలో పోసి, కొంచెం చక్కెర, కొంచెం ఈస్ట్ వేసి గట్టిగా మూత బిగిస్తారు. లోపల రెండోసారి పులుస్తుంది. బయటికి దారి లేక బొగ్గుపులుసు వాయువు రసంలోనే కరిగిపోతుంది. ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి ఐదారు రెట్లు. అందుకే ఆ సీసా గాజు అంత మందంగా ఉంటుంది.

పని ముగిసిన ఈస్ట్ చచ్చి మడ్డిలా అడుగున చేరుతుంది. దాన్ని వెంటనే తీయరు. నెలలు, మంచి సరుకైతే ఏళ్లు, ఆ మడ్డి మీదే ఉంచుతారు. రుచి దాన్నుంచే వస్తుంది. తర్వాత సీసాను కొద్దికొద్దిగా తిప్పుతూ, వంచుతూ తలకిందులు చేస్తారు. మీ అబ్బాయి పంపిన ఫొటో ఆ దశలోది. మడ్డి అంతా మెడలోకి దిగాక మెడను మాత్రం గడ్డకట్టించి మూత తీస్తారు. లోపలి ఒత్తిడికి ఆ మంచుబిళ్ల మడ్డితో సహా బయటికి ఎగిరిపోతుంది, మిగిలిన రసం తేటగా ఉంటుంది. చూస్తుండగా కన్ను మూసి తెరిచేలోగా అయిపోయే పని.

ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంవాళ్ల పద్ధతి ఇది. ఆ పేరు వాళ్ల ప్రాంతపు సరుకుకే చెల్లుతుంది. 1980ల్లో అక్కడి లూయీ రోడరర్ సంస్థ టాస్మేనియాకు వచ్చి పైపర్స్ నది ప్రాంతపు హీమ్స్‌కెర్క్ తోటతో చేతులు కలిపింది. తమ చలి, తమ పులుపు ఇక్కడ దొరుకుతాయనే నమ్మకంతో వచ్చారు. అందులోంచి పుట్టిన యాన్స్ అనే నురుగు వైన్ పేరు 1642లో ఆ ద్వీపాన్ని చూసిన డచ్చి నావికుడు ఆబెల్ యాన్స్‌జూన్ టాస్మన్‌ది.

ఈ పంట అక్కడికి ఎలా వచ్చింది? అది ఖైదీలను పంపిన దీవి అని చదివాను.
– ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, కర్నూలు

నిజమే మాస్టారూ. అప్పట్లో దాని పేరు వాన్ డీమెన్స్ లాండ్. ఖైదీలను పంపడం 1853లో ఆగింది, 1856లో పేరు మార్చారు. 1820ల్లోనే బార్తలోమ్యూ బ్రాటన్ అనే ఆయన హోబార్ట్ పక్కన న్యూ టౌన్‌లో ద్రాక్ష వేసి వైన్ అమ్మాడు. తర్వాత ఆ సాగు దాదాపు అంతరించింది. చలి ఎక్కువ, ద్రాక్షకు పనికిరాదు, ఆపిల్ వేసుకోండి అన్న మాట నూరేళ్లు నడిచింది. ఆపిల్ దీవి అనే పేరు వచ్చింది కూడా.

1956లో జాన్ మిగే అనే ఫ్రెంచివాడు లాన్సెస్టన్ దగ్గర లల్లా అనే చోట, 1958లో క్లాడియో అల్కోర్సో అనే ఇటలీ మూలాలున్న బట్టల పరిశ్రమదారు డర్వెంట్ నది ఒడ్డున మూరిల్లాలో మళ్లీ తీగలు నాటారు. అల్కోర్సో తోట ఉన్న ఆ గుట్ట మీదే ఇప్పుడు పేరుమోసిన కళా ప్రదర్శనశాల ఉంది. 1974లో ఆండ్రూ పిరీ పైపర్స్ బ్రూక్‌లో తోట వేశాడు. ఆయన ద్రాక్షసాగు మీదే డాక్టరేట్ చేసినవాడు. వాతావరణ లెక్కలు చూసుకుని చోటు ఎంచుకున్నాడు. అంచనా లేని సాహసం కాదు ఆయనది. నాకు ఆ ముగ్గురిలో ఈయన పట్ల గురి ఎక్కువ.

అదే సమయంలో 1973లో బ్రిటన్ ఐరోపా ఉమ్మడి విపణిలో చేరింది. టాస్మేనియా ఆపిల్‌కు బ్రిటన్‌లో ఉన్న పెద్ద గిరాకీ ఒక్కసారిగా పడిపోయింది. చెట్లు పీకేస్తే డబ్బిస్తామని ప్రభుత్వమే పథకం పెట్టింది. తాత నాటిన చెట్టును కొడుకు ట్రాక్టరు కట్టి లాగేశాడు. ఒకే పంటను, ఒకే కొనుగోలుదారును నమ్ముకున్న ప్రాంతానికి వచ్చే కష్టం అది. వేరుశనగ రైతుల బిడ్డలకు పాఠం చెప్పే మీరు ఈ కథ తరగతిలో చెప్పండి.

ఇంకొకటి మీకు ప్రత్యేకంగా. 1834లో ఇంగ్లండులోని టోల్‌పడిల్ అనే పల్లెలో కూలి తగ్గించవద్దని సంఘం కట్టుకున్న ఆరుగురు వ్యవసాయ కూలీలకు ప్రవాస శిక్ష వేశారు. వాళ్ల నాయకుడు జార్జి లవ్‌లెస్‌ను ఈ దీవికి పంపారు. ఆయన శిక్షాకాలంలో పనిచేసిన నేలలో కొంతభాగం ఇప్పుడు కోల్ నది లోయలో టోల్‌పడిల్ పేరుతోనే ద్రాక్షతోటగా ఉంది. 1988లో నాటిన తోట. ఆ వరసల గట్టు మీద నిలబడినప్పుడు తోట యజమానులు ఆ పేరే పెట్టుకున్నందుకు నాకు మనసు నిండింది.

మాకు మడకశిర దగ్గర ఆరెకరాలు ఉంది. టాస్మేనియాలో ఎక్కువగా వేసే పినో న్వార్ రకం తెప్పించి వేద్దామనుకుంటున్నాను. మీ సలహా?
– ఒక యువరైతు, మడకశిర

వద్దు బాబూ. టాస్మేనియాలో మొదటి స్థానం దానిదే, రెండోది షార్డొనే. అయినా వద్దు. పినో న్వార్ తోలు పలచన, గుత్తి బిగువు. వేడికి త్వరగా పండిపోయి వాసన లేకుండా మిగులుతుంది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలోని పెద్ద సంస్థలే వేడి పెరుగుతోందని చల్లని చోటు వెతుక్కుంటూ ఈ దీవిలో తోటలు కొంటున్నాయి. విక్టోరియా రాష్ట్రానికి చెందిన బ్రౌన్ బ్రదర్స్ 2010లో టామర్ రిడ్జ్‌ను కొనడం అలాంటిదే. వాళ్లు చలిని వెతుక్కుంటూ వెళ్తుంటే మనం ఆ చలిపంటను ఎండలోకి తెచ్చుకోవడం ఏం న్యాయం?

అయితే మీ చోటు తీసిపారేసేది కాదు. మీ ఊరు అనంతపురం కంటే సుమారు 300 మీటర్లు ఎత్తు. ఆ ఎత్తుకు ఇంచుమించు రెండు డిగ్రీలు తగ్గుతుంది. సరిహద్దు అవతల దొడ్డబళ్ళాపురం, నంది కొండల వైపు షిరాజ్, కాబర్నె సోవిన్యో వంటి వేడి తట్టుకునే రకాలు ఏళ్లుగా పండిస్తున్నారు. ముందు అక్కడి తోటలు చూడండి. పుణె దగ్గర మంజరిలో ఉన్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రానికి రాసి, మీ నేల, నీటి పరీక్ష వివరాలతో సలహా అడగండి. అన్నిటికంటే ముందు, కొనేవాడు ఎవరో రాతపూర్వకంగా తేలాలి. వైన్ ద్రాక్షను సంతలో బుట్టలో పెట్టి అమ్ముకోలేరు. కాయ చిన్నది, గింజలెక్కువ.

విదేశం నుంచి మొక్క సంచిలో వేసుకుని రావడం అనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. టాస్మేనియాలో ద్రాక్ష వేళ్లను తినే ఫిలోక్సెరా పురుగు లేదు. ఆస్ట్రేలియా లోపలి రాష్ట్రం నుంచి విమానం దిగినా హోబార్ట్‌లో సంచులను కుక్కలతో వాసన చూపిస్తారు. నా ముందు వరసలోని పెద్దాయన సంచిలో ఒకే ఒక్క ఆపిల్ ఉంటే తీయించి డబ్బాలో వేయించారు. ఆయన నొచ్చుకోలేదు, తనే వేశాడు. తమ పంట మీద అంత కాపలా ఉండాలని అక్కడి మామూలు జనం కూడా అనుకుంటారు. మనకూ మొక్కల దిగుమతికి చట్టం, దిగ్బంధ (క్వారంటైన్) కేంద్రం ఉన్నాయి. ఆ దారిలోనే రావాలి.

అక్కడ పిట్టలు, తెగుళ్ల బెడద ఉందా?
– ఒక రైతు, తాడిపత్రి

ఉంది. కాయ రంగు తిరగగానే వరసల మీద తెల్లని వలలు కప్పేస్తారు. పిట్టలతోపాటు చెట్లెక్కే పోసమ్‌లు, చిన్న కంగారూల్లాంటి వాలబీలు కూడా వస్తాయి. తెగుళ్లలో బూడిద తెగులు, కోత ముందు వాన పడితే గుత్తి కుళ్లు. దానికి ముందుజాగ్రత్తగా ఉదయపు ఎండ తగిలే పక్క గుత్తుల చుట్టూ ఆకు తుంచి గాలి ఆడనిస్తారు. మనం అలా చేస్తే కాయ మాడుతుంది. రాతి కూసాల మీద తీగ పందిరి వేసి గుత్తిని నీడలో వేలాడదీసే మన పద్ధతే మన ఎండకు సరి. ఆకు తుంచేది గాలి ఆడేటంత మాత్రమే.

మా నల్లద్రాక్ష గుత్తిలో సగం కాయలు ఎర్రగానే మిగిలిపోతున్నాయి. తీపి చూస్తే ఉంది. వ్యాపారి ధర తగ్గిస్తున్నాడు. మీరు చూసివచ్చిన చోట రంగు కోసం ఏం చేస్తారు?
– ఒక రైతు, నార్పల మండలం

ఈ ఉత్తరం కోసమే ఎదురుచూశాను అన్నా. వాళ్లు రంగు కోసం ప్రత్యేకంగా చేసేది తక్కువ, చల్లని రాత్రే చేస్తుంది. నల్లద్రాక్ష తోలులో రంగునిచ్చే ఆంథోసయనిన్లు 35 డిగ్రీలు దాటిన పగలు, వెచ్చని రాత్రి ఉంటే సరిగా తయారు కావు, తయారైనవి కూడా తగ్గుతాయి. తీపి మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. మీ తోటలో జరుగుతున్నది సరిగ్గా ఇదే.

మనకు చల్లని రాత్రులు అసలు లేవా? ఉన్నాయి. డిసెంబరు, జనవరిలో రాత్రి 17 డిగ్రీల దగ్గరికి వస్తుంది. మనకున్న కొద్దిపాటి చలి అదే. కాయ రంగు తిరిగే రోజులు ఆ రెండు నెలల్లో పడాలి. కత్తిరింపు తర్వాత సుమారు 80, 90 రోజులకు కాయ మెత్తబడి రంగు మొదలవుతుంది. అక్టోబరు మొదటి పక్షంలో కత్తిరిస్తే అది జనవరి మొదట్లో వస్తుంది, ఫిబ్రవరిలో కోత. కూలీలు దొరకలేదనో, ఇంట్లో శుభకార్యం అనో నవంబరు దాకా జరిపితే ఫిబ్రవరి ఎండలో రంగు తిరగాలి, మార్చి మంటలో కోయాలి. అలాగని సెప్టెంబరుకు ముందుకు లాగవద్దు. పూత సమయంలో వాన పడి బూజు తెగులు కాపును తినేస్తుంది.

రెండోది బరువు. కోల్ నది లోయలో ఒక తోటలో రంగు తిరిగే సమయానికి వెనకబడిన గుత్తులను కత్తిరించి నేల మీద పడేయడం చూశాను. పచ్చిగా, బాగున్న గుత్తులే. పక్కన నిలబడితే గుండె తరుక్కుపోతుంది. తీగ మోయగలిగినదానికి మించి కాయ ఉంటే ఏ ఒక్కదానికీ రంగు పట్టదు. మీరు ఒక్క వరసలో చేసి చూడండి. మిగతా వరసలతో పోల్చుకుంటే మీకే తెలుస్తుంది. కాయ మెత్తబడటం మొదలయ్యాక యూరియా మాట తలపెట్టవద్దు, నీరు కొద్దిగా తగ్గించండి, పూర్తిగా కట్టేయవద్దు.

మూడోది కోత ఎప్పుడన్నది. మనం తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటరులో ఒక చుక్క రసం వేసి అంకె చూసి కోసేస్తాం. ఆ తోట యజమానురాలి దగ్గర కూడా ఆ పరికరం ఉంది. కానీ ఆవిడ వరస వెంట నడుస్తూ, ఎండ పక్క ఒక కాయ, నీడ పక్క ఒక కాయ తెంపి నమిలేది. తోలును పళ్లతో నలిపి వగరు ఎంతుందో చూసేది. తర్వాత గింజలను అరచేతిలోకి ఉమ్మి వెలుగుకు పట్టుకునేది. పచ్చగా ఉంటే తల అడ్డంగా ఊపి ముందుకు వెళ్లేది. గోధుమరంగు తిరిగి, కొరికితే పటుక్కుమంటేనే ఆ వరసకు గుడ్డపీలిక కట్టేది.

మీ నల్లద్రాక్ష గింజలున్న రకమైతే ఈ పరీక్ష మీరూ చేయవచ్చు. గింజలేనిదైతే నీడ పక్క కాయను కొరికి చూడండి, ఎండ పక్క కాయ మోసం చేస్తుంది. ఈసారి కత్తిరింపు ఏ తేదీన చేశారో, రంగు ఎప్పుడు మొదలైందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకుని సంక్రాంతి తర్వాత నాకు మళ్లీ ఉత్తరం రాయండి.